పసుపు అర్జీ, చెరకు అర్జీ

2019 ఏప్రిల్ 11న నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో ఓటు వేసినవాళ్ళకు ఆనాటి పోలింగ్ గది ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. మామూలుగా ఒకటో రెండో యంత్రాలు ఉండేచోట ఆ రోజు 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పేర్చి ఉన్నాయి. ఒక్కో యూనిట్‌లో 16 పేర్లు పడతాయి. పోటీలో ఉన్నది 185 మంది, చివర నోటా. ఆ 185 మందిలో 178 మంది రైతులు. పసుపు పండించేవాళ్ళు, ఎర్రజొన్న పండించేవాళ్ళు. పార్లమెంటులో కూర్చోవాలన్న ఆశతో నామినేషన్ వేసినవాళ్ళు కారు. పసుపుకు ప్రత్యేకంగా ఒక బోర్డు కావాలి, పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర కావాలి అని ఏళ్ళ తరబడి చేతికిచ్చిన కాగితాలు కదలకపోయేసరికి, అదే విన్నపాన్ని బ్యాలెట్ మీదికి ఎక్కించారు.

ప్రజలు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోవడం గురించి మాట్లాడాలంటే ఈ జిల్లాకన్నా మంచి పాఠశాల దొరకదు. ఇక్కడ ఒక అర్జీ ఢిల్లీ దాకా వెళ్ళి జవాబు తెచ్చుకుంది. మరో అర్జీ బోధన్‌లో బయలుదేరి ఎన్నో గుమ్మాలు తిరిగింది, ఇంకా తిరుగుతోంది. రెండింటి వెనకా ఉన్నది ఒకే మట్టి, ఒకే జనం. ఫలితాలు మాత్రం వేరువేరు. ఎందుకు వేరయ్యాయో తెలుసుకుంటే రేపు అర్జీ రాయబోయేవాళ్ళకు పనికొస్తుంది.

మొదట పసుపు సంగతి. ఆర్మూర్, బాల్కొండ, నిజామాబాద్ రూరల్ ప్రాంతాల పసుపు, పక్కనున్న జగిత్యాల జిల్లా మెట్‌పల్లి వైపు పసుపు నిజామాబాద్ మార్కెట్ యార్డుకే చేరుతుంది. కొమ్ము ఒక ధర, గోళ ఒక ధర. తొమ్మిది నెలలు నేలలో ఉండే పంట ఇది. తవ్వాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, మెరుగు పెట్టాలి. ఇంత చేశాక యార్డులో పలికే ధర కూలి ఖర్చులకు సరిపోని ఏడాదులు రైతు ఎన్నో చూశాడు. పొగాకుకు గుంటూరులో బోర్డు ఉంది, 1975 చట్టంతో వచ్చింది. పసుపేమో కొచ్చిలో ఉన్న సుగంధద్రవ్యాల బోర్డు కింద, యాభైకి పైగా దినుసుల్లో ఒకటిగా ఉండిపోయింది. మా పంటకో బోర్డు ఇవ్వండి అన్న కోరిక అక్కడ పుట్టింది. రైతు సంఘాలు అడిగాయి, గ్రామాభివృద్ధి కమిటీలు తీర్మానాలు చేశాయి. అప్పటి ఎంపీ కల్వకుంట్ల కవిత ప్రధానికీ కేంద్ర మంత్రులకూ వినతిపత్రాలు అందించారు. బోర్డు రాలేదు.

2019 ఫిబ్రవరిలో రైతులు ఆర్మూర్ దగ్గర మామిడిపల్లి చౌరస్తాలో జాతీయ రహదారి మీద బైఠాయించారు. పసుపు క్వింటాలుకు 15,000 రూపాయలు, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు ఇవ్వాలన్నారు. 144వ సెక్షన్ పెట్టారు, అరెస్టులు జరిగాయి. ఎర్రజొన్న రైతులకు ఇది కొత్తేమీ కాదు. 2008లో విత్తన వ్యాపారి చెల్లించని బాకీల కోసం వాళ్ళు ఆర్మూర్‌లో రోడ్డెక్కారు. ఆ బాకీ, దాదాపు 11 కోట్ల రూపాయలు, చివరికి 2014లో రాష్ట్ర ప్రభుత్వమే చెల్లించింది. పంట అమ్ముకున్న డబ్బు చేతికి రావడానికి ఆరేళ్ళు పట్టిందన్నమాట. ఆ అనుభవం ఉన్న ఊళ్ళు కనుకనే, ఎన్నికల ప్రకటన రాగానే ఇంకో దారి ఎంచుకున్నాయి.

ఆ దారికి తెలుగునాట ముందే ఒక ఆనవాలు ఉంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన ప్రజల గోడు దేశానికి వినిపించాలని దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి వాళ్ళలో చాలామందిని నిలబెట్టింది. అప్పట్లో కాగితం బ్యాలెట్. అది పుస్తకమంత అయింది, పోలింగును వాయిదా వేయాల్సి వచ్చింది. అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది నిలబడ్డారు. వాళ్ళూ రైతులే. ఈ రెండు అనుభవాల తర్వాత లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు, తర్వాత అది 25,000 అయింది. స్వతంత్ర అభ్యర్థికి పది మంది ప్రతిపాదకులు ఉండాలన్న నిబంధనా వచ్చింది. అంటే 2019లో ఒక్కో పసుపు రైతు తన మాట బ్యాలెట్ మీద పడడానికి 25,000 రూపాయలు కట్టి, పది మందిని వెంటబెట్టుకుని కలెక్టరేట్‌కు వెళ్ళాలి. ఊళ్ళు చందాలు వేసుకుని ఆ డబ్బు కట్టాయి. ఆ డబ్బు తిరిగి రాదని కట్టేటప్పుడే తెలుసు. తెలిసీ కట్టారు. అర్జీ పెట్టుకోవడాన్ని అడుక్కోవడమనుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతి ఆలోచించాలి.

పాత రకం ఈవీఎంలలో నోటాతో కలిపి 64 పేర్లకు మించి పట్టవు. ఎన్నికల సంఘం ఎం-3 రకం యంత్రాలు తెప్పించింది. ఈలోగా ఇక్కడి రైతులు సుమారు 50 మంది, ప్రధాని పోటీ చేస్తున్న వారాణసికి కూడా నామినేషన్లు వేయడానికి రైలెక్కారు. అక్కడ ఎక్కువ మందికి ఆ పని సాధ్యపడలేదు. కానీ నిజామాబాద్ పసుపు గురించి హిందీ పత్రికలు రాశాయి. అంతవరకు ఢిల్లీలో ఒక ఫైలుకు మాత్రమే తెలిసిన సంగతి దేశమంతా తెలిసింది.

ఎన్నికల్లో బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ 70,875 ఓట్ల తేడాతో గెలిచారు. గెలిచిన ఐదు రోజుల్లో బోర్డు తెస్తానని, తేకపోతే రాజీనామా చేస్తానని ఆయన ముందే బాండ్ పేపర్ రాసిచ్చారు. ఐదు రోజుల్లో రాలేదు. 2020లో నిజామాబాద్‌లోని సుగంధద్రవ్యాల బోర్డు కార్యాలయాన్ని ప్రాంతీయ కార్యాలయంగా మార్చారు, రైతులు దాన్ని జవాబుగా ఒప్పుకోలేదు. 2023 మార్చి చివర్లో పట్టణంలో రాత్రికి రాత్రి పసుపు రంగు బోర్డులు వెలిశాయి, ఎంపీ తెచ్చిన పసుపు బోర్డు ఇదేనంటూ. ఆ ఏడాది అక్టోబరు 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధాని నరేంద్ర మోదీ జాతీయ పసుపు బోర్డును ప్రకటించారు. మూడు రోజుల్లో నోటిఫికేషన్ వచ్చింది. 2025 సంక్రాంతి రోజున, జనవరి 14న, బోర్డు పని మొదలుపెట్టింది. తొలి చైర్మన్ పల్లె గంగారెడ్డి ఈ జిల్లా మనిషి. జూన్ 29న ప్రధాన కార్యాలయాన్ని నిజామాబాద్‌లో కేంద్ర హోంమంత్రి అమిత్ షా ప్రారంభించారు.

ఇది ఎవరి విజయమని పార్టీలు వాదించుకుంటాయి. ఆ వాదన ఇక్కడ అవసరం లేదు. ఒక ఊరి గ్రామాభివృద్ధి కమిటీ తీర్మానం, పక్క ఊరి తీర్మానం, రహదారి మీద ధర్నా, ఎంపీ వినతిపత్రం, 178 నామినేషన్లు, బాండ్ పేపర్, రంగు బోర్డులు, ఇవన్నీ అడిగింది ఒక్కటే వస్తువును. అడిగిన చోటూ ఒక్కటే, కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ. మనుషులు మారారు, పద్ధతులు మారాయి. కోరిక మారలేదు, చిరునామా మారలేదు.

అయితే బోర్డు ఏం చేస్తుందో, ఏం చేయదో రైతుకు స్పష్టంగా తెలిసి ఉండాలి. కొత్త వంగడాలు, కర్క్యుమిన్ పరీక్షలు, నాణ్యత, ఎగుమతులు దాని పని. ప్రపంచంలో పండే పసుపులో 70 శాతానికి పైగా మనదే. 2022-23లో దేశంలో 3.24 లక్షల హెక్టార్లలో 11.61 లక్షల టన్నులు పండింది. ఇంత పంట ఉన్న దేశానికి ఒక బోర్డు ఉండడం న్యాయమే. కానీ ధర నిర్ణయించే అధికారం బోర్డుకు లేదు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో పసుపు లేదు. 2024లో కొమ్ము క్వింటాలుకు 15,000 దాటి పలికింది, కానీ అది సాగు తగ్గి సరుకు కొరత వచ్చినందువల్ల. మళ్ళీ పంట పెరిగితే ధరను పట్టి నిలబెట్టే చట్టమేదీ రైతు చేతిలో లేదు. బోర్డు, గిట్టుబాటు ధర అన్న రెండు కోరికల్లో ఒకటి తీరింది, రెండోది అలాగే ఉంది.

ఇక చెరకు. దీని కథ పూర్తిగా తిరగేసినట్టు ఉంటుంది. చెరకుకు చట్టబద్ధమైన ధర ఉంది. కేంద్రం ప్రతి ఏటా న్యాయమైన, లాభదాయక ధర, అంటే ఎఫ్ఆర్‌పీ ప్రకటిస్తుంది. 2024-25 సీజన్‌కు క్వింటాలుకు 340 రూపాయలు, 2025-26కు 355. పసుపుకు బోర్డుంది, చట్టం చెప్పే ధర లేదు. బోధన్ చెరకుకు చట్టం చెప్పే ధర ఉంది, గానుగ లేదు.

ఆ గానుగ ఎలా వచ్చిందో కొంచెం వెనక్కి వెళ్ళి చూడాలి. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. 2.75 లక్షల ఎకరాలకు నీళ్ళివ్వాలన్నది లక్ష్యం. కాలువ నీళ్ళు వచ్చాక ఆ నీళ్ళకు తగ్గ పంట కావాలి, పంటకు తగ్గ కర్మాగారం కావాలి. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. బోధన్ పక్కన శక్కర్‌నగర్ అనే ఊరే పుట్టింది. వేల ఎకరాల సొంత ఫారాలు, కార్మికుల క్వార్టర్లు, ఆసుపత్రి, బడి. ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారమని పేరు. బోధన్, ఎడపల్లి, రెంజల్, కోటగిరి, వర్ని ప్రాంతాల్లో పెళ్ళిళ్ళ ఖర్చు, పిల్లల చదువు, ఇంటి కప్పు అన్నీ చెరకు బిల్లు చేతికొచ్చే రోజును బట్టి నడిచేవి. తర్వాతి కాలంలో సారంగాపూర్‌లో సహకార చక్కెర కర్మాగారం కూడా వచ్చింది, అదీ మూతపడింది.

2002లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బోధన్‌తో పాటు మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దగ్గరి ముంబోజిపల్లి యూనిట్లను ఉమ్మడి సంస్థకు అప్పగించింది. ప్రైవేటు భాగస్వామికి 51 శాతం, ప్రభుత్వానికి 49 శాతం. పేరు నిజాం దక్కన్ షుగర్స్. ఆ అప్పగింత మీద రైతులు, కార్మికులు, ప్రజాసంఘాలు అర్జీ మీద అర్జీ పెట్టాయి. 2004లో ప్రభుత్వం మారాక శాసనసభా సంఘం వేశారు. అమ్మకంలో జరిగిన నష్టాన్ని ఆ సంఘం తప్పుపట్టింది. నివేదిక వచ్చింది, ఫ్యాక్టరీ మాత్రం ప్రభుత్వ చేతికి తిరిగి రాలేదు. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక స్వాధీనం చేసుకుంటామన్నారు. 2015లో మహారాష్ట్ర తరహాలో రైతులే సహకార సంఘంగా ఏర్పడి నడుపుకోవాలన్న ఆలోచన ముందుకొచ్చింది, నిలవలేదు. ఆ ఏడాది డిసెంబరు 23న యాజమాన్యం మూడు యూనిట్లకూ లేఆఫ్ ప్రకటించింది. 2019లో జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే లిక్విడేషన్‌కు ఆదేశించింది. 2024 జనవరిలో పునరుద్ధరణ మార్గాలు చూడడానికి మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది.

ఈ తేదీలన్నీ చదువుతుంటే ఒక విషయం తడుతుంది. కోరిక మారలేదు, ఫ్యాక్టరీ తెరవండి అన్నదే. కానీ ఎవరిని అడగాలన్నది ప్రతి కొన్నేళ్ళకూ మారిపోయింది. 2002కు ముందు హైదరాబాదులో పరిశ్రమల మంత్రి దగ్గరికి వెళితే సరిపోయేది. తర్వాత కంపెనీ బోర్డు దగ్గరికి వెళ్ళాలి, అక్కడ ప్రభుత్వానికి ఉన్నది మైనారిటీ వాటా. లేఆఫ్ తర్వాత కార్మిక శాఖ. 2019 తర్వాత లిక్విడేటర్, ట్రిబ్యునల్, అప్పులిచ్చిన బ్యాంకులు. బోధన్ ఆర్డీవో చేతికో, కలెక్టర్ చేతికో ఎంత మంచి వినతిపత్రం ఇచ్చినా, సీలు వేసిన గేటు తాళం వాళ్ళ దగ్గర లేదు. దివాలా చట్టం ప్రకారం కార్మికుల బకాయిలకు, ముఖ్యంగా లిక్విడేషన్‌కు ముందు 24 నెలల జీతాలకు, పంపకంలో పై వరుసలోనే చోటుంది. కానీ ఆ హక్కు నినాదంతో రాదు. నిర్ణీత ఫారంలో, గడువు లోపల, లిక్విడేటర్‌కు క్లెయిమ్ వేయాలి. ముప్ఫై ఏళ్ళు బాయిలర్ దగ్గర పనిచేసిన మనిషికి ఈ సంగతి ఎవరు చెప్పాలి? చెప్పాల్సినవాళ్ళు చెప్పకపోతే అర్జీ తప్పు గుమ్మం ముందు నిలబడుతుంది. పసుపు రైతుకు లేని ఈ కష్టమే చెరకు రైతును, ఫ్యాక్టరీ కార్మికుణ్ణి ఇన్నేళ్ళు తిప్పింది.

అర్జీకి మన ప్రాంతంలో చరిత్ర తక్కువేమీ కాదు. నిజాం పాలనలో 1929 నాటి 53వ నంబరు గస్తీ అనే ఉత్తర్వు ప్రకారం సభ పెట్టాలంటే ముందుగా అనుమతి కావాలి. నోరు విప్పడానికి వీల్లేనిచోట కాగితమే నోరయింది. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్రమహాసభ మొదటి పదేళ్ళలో ఎక్కువగా చేసింది తీర్మానాలు ఆమోదించి సర్కారుకు పంపడమే. వెట్టి వద్దు, తెలుగులో చదువు కావాలి, గ్రంథాలయాలకు అడ్డు పెట్టొద్దు అని. ఆరో మహాసభ నిజామాబాద్‌లోనే జరిగింది, 1937లో, మందుముల నరసింగరావు అధ్యక్షతన. అంటే శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ ఏర్పడిన ఏడాదే, ఈ పట్టణంలో తెలుగువాళ్ళు కూడి తమ కోరికలు సర్కారు ముందు పెట్టారు. ఆ తీర్మానాలను సర్కారు పట్టించుకోలేదన్నది నిజం. కానీ ఊరూరా తీర్మానం రాయడం, సంతకాలు పెట్టడం, వంతులవారీగా హైదరాబాదు వెళ్ళడం నేర్చుకున్న తరం అదే. తర్వాతి పోరాటాలు నడిపినవాళ్ళలో చాలామంది ఆ బడిలో చదువుకున్నవాళ్ళు.

దూరదేశంలోనూ ఇలాంటి కథ ఉంది. జపాన్‌లో ప్రజలు అధికారుల ముందు తమ స్థితి చెప్పుకోవడాన్ని చింజో అంటారు. బడ్జెట్ తయారయ్యే కాలంలో జిల్లాల నుంచి మేయర్లు, గవర్నర్లు, రైతు సంఘాల వాళ్ళు టోక్యో మంత్రిత్వ శాఖలకు చింజో కోసం వెళ్ళడం అక్కడ మామూలు. పార్లమెంటుకో, స్థానిక సభకో లాంఛనంగా పెట్టే విన్నపానికి సెయ్‌గాన్ అని వేరే పద్ధతి ఉంది. దానికి సభ్యుడెవరైనా పరిచయకర్తగా ఉండాలి. చింజోకు ఆ షరతు లేదు, ఎవరైనా నేరుగా వెళ్ళవచ్చు. ఇప్పటి జపాన్ రాజ్యాంగం 16వ అధికరణ శాంతియుతంగా విన్నవించుకునే హక్కును ఇస్తుంది. విన్నవించుకున్నందుకు ఎవరినీ ఇబ్బంది పెట్టరాదని కూడా అదే అధికరణలో రాశారు.

ఆ రక్షణ ఊరికే రాలేదు. టోక్యోకు ఉత్తరాన అషియో రాగి గని విషం వతరాసె నదిలో కలిసి కింది ఊళ్ళ పొలాలు పాడయ్యాయి. రైతులు 1890ల నుంచి విన్నపాలు పట్టుకుని కాలినడకన టోక్యో వెళ్ళేవారు. 1900 ఫిబ్రవరిలో అలా బయలుదేరిన రెండు వేలకు పైగా రైతుల మీద కవమతా దగ్గర పోలీసులు విరుచుకుపడ్డారు, చాలామందిని జైళ్ళలో పెట్టారు. వాళ్ళ పక్షాన పార్లమెంటులో పదేళ్ళు మాట్లాడిన తనక షోజో 1901లో సభ్యత్వానికి రాజీనామా చేశారు. ఆ డిసెంబరు 10న మెయిజీ చక్రవర్తి బండి వెళ్ళే దారిలో చేత్తో విన్నపం పట్టుకుని పరుగెత్తారు. కాపలావాళ్ళు పట్టుకున్నారు. పిచ్చివాడని చెప్పి వదిలేశారు. కాగితం చక్రవర్తికి అందలేదు, కానీ మరునాడు పత్రికల్లో అందరికీ అందింది. తనక 1913లో చనిపోయేదాకా ఆ ఊళ్ళ మధ్యే ఉన్నారు. 178 మంది రైతులు నామినేషన్ వేయడానికీ, ఆయన బండి వెంట పరుగెత్తడానికీ ఉన్న పోలిక నిజామాబాద్ వాళ్ళకు చెప్పనక్కర్లేదు.

మన రాజ్యాంగం 350వ అధికరణ చాలామంది దృష్టికి రాదు. తన కష్టం తీర్చమని కేంద్రంలోగానీ రాష్ట్రంలోగానీ ఏ అధికారికైనా, అక్కడ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నవించుకునే హక్కు ప్రతి వ్యక్తికీ ఉందని అది చెబుతుంది. తెలుగులో రాసిన అర్జీని ఇంగ్లీషులో రాసుకురమ్మని తిప్పి పంపే అధికారం ఎవరికీ లేదు. కలెక్టరేట్ బయట ఇంగ్లీషు అర్జీకి డబ్బులిచ్చి టైపు చేయించుకునే ముసలివాళ్ళకు ఈ మాట ఎవరైనా చెబితే బాగుండును.

ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి జరుగుతుంది. నిజామాబాద్‌లో అది 2022 సెప్టెంబరులో ప్రారంభమైన కొత్త సమీకృత భవనంలో. పింఛను ఆగినవాళ్ళు, పట్టా పాసుపుస్తకంలో గుంటలు తగ్గినవాళ్ళు, ఇంటి స్థలం అడిగేవాళ్ళు, కొడుకులు అన్నం పెట్టడం లేదని వచ్చే తల్లులు. హైదరాబాదు ప్రజాభవన్‌లో 2023 డిసెంబరు నుంచి వారానికి రెండు రోజులు అర్జీలు తీసుకుంటున్నారు. ఆ నెల చివరి నుంచి 2024 జనవరి 6 వరకు జరిగిన ప్రజాపాలన కార్యక్రమంలో రాష్ట్రమంతటా కోటీ 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆ సంఖ్య చూసి జనానికి ఆశ ఎక్కువని అనుకోవడం తప్పు. మామూలుగా, ఎవరినీ అడగకుండా జరిగిపోవాల్సిన పనులు జరగడం లేదనడానికి అది సాక్ష్యం.

అధికారికి మనసున్నా కొన్నిసార్లు చేతిలో సెక్షన్ ఉండదు. సాదాబైనామాల సంగతే చూడండి. తెల్లకాగితం మీద భూమి కొనుక్కున్న పేదలు 2020లో తొమ్మిది లక్షలకు పైగా దరఖాస్తులు పెట్టారు. అప్పుడే వచ్చిన కొత్త భూహక్కుల ఆర్‌ఓఆర్ చట్టంలో వాటిని క్రమబద్ధం చేసే నిబంధన లేదు. విషయం హైకోర్టుకు వెళ్ళింది, దరఖాస్తులు ఏళ్ళ తరబడి ఆగాయి. 2025లో భూభారతి చట్టం వచ్చాకే దారి కనిపించింది. ఇలాంటి చోట ప్రజావాణిలో ఒక్కొక్కరూ అర్జీ ఇచ్చి లాభం లేదు. పదిమందీ కలిసి చట్టం చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. పసుపు రైతులు చేసింది అదే.

సెక్షన్ ఉన్నచోట మాత్రం దాన్ని పేరుపెట్టి అడగాలి. చెరకు రైతుకు ఇది బాగా పనికొస్తుంది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, చెరకు అప్పగించిన 14 రోజుల్లో ఫ్యాక్టరీ డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ ఇవ్వాలి. బోధన్ గానుగ ఆగాక ఇక్కడి చెరకు దూరపు ఫ్యాక్టరీలకు లారీల్లో వెళుతోంది, చాలా పొలాలు వరికి మారాయి. ఎక్కడికి తోలినా ఈ నియమం వర్తిస్తుంది. దయచేసి మా డబ్బు ఇప్పించండి అని రాసే బదులు, ఫలానా తేదీన ఇన్ని టన్నులు తోలాను, 14 రోజులు దాటాయి, ఉత్తర్వు ప్రకారం వడ్డీతో సహా ఇప్పించండి అని రాస్తే ఆ కాగితం వేరే కాగితం అవుతుంది. ఎందుకంటే దాన్ని పక్కన పెట్టిన అధికారి కారణం రాయాల్సి వస్తుంది.

ఈ ప్రసంగం వింటున్నవాళ్ళకు కొన్ని మాటలు. అర్జీ రెండు ప్రతులు రాయండి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఒక అర్జీలో ఒకే పని అడగండి. నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో నా అర్జీ ఏ బల్ల మీద ఉంది అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. కేంద్ర శాఖలకు పంపే ఫిర్యాదులకు 2024 ఆగస్టు నుంచి 21 రోజుల గడువు పెట్టారు, అదీ వాడుకోండి.

శక్కర్‌నగర్ పాత కార్మికులు, చెరకు రైతులు నియామక పత్రాలు, జీతం స్లిప్పులు, తూకం చీటీలు, కటింగ్ పర్మిట్లు ఏవీ పారేయకండి. ఫ్యాక్టరీ మళ్ళీ తెరిచినా, వేలం వేసినా, లెక్క తేల్చే రోజున మాట్లాడేది ఆ కాగితాలే. కొత్త గానుగ గురించి మాట్లాడే ప్రభుత్వం ఏదైనా, ముందు పాత గానుగ దగ్గర చెమటోడ్చినవాళ్ళ బకాయి తేల్చాలి. బోధన్ పెట్టే ప్రతి అర్జీలోనూ మొదటి వాక్యం అదే కావాలి. ఇక చదువుకున్న పిల్లలకు ఒక విన్నపం. మీ గల్లీలో రాయడం రాని పెద్దవాళ్ళు ఉంటారు. వచ్చే సోమవారానికి వాళ్ళ అర్జీ మీరు రాసిపెట్టండి, తెలుగులోనే, వాళ్ళు చెప్పినట్టే.